పెళ్ళి ప్రూఫులు ఎంతవరకు దిద్దాలి, ఎలా ఇవ్వాలి?

మీ ఇబ్బంది నాకు అర్థమైనంతవరకు ఇది. ఇద్దరు ఫోటోగ్రాఫర్లు కలిసి తీసిన ఒక పెళ్ళి నుంచి 3,200 ఫోటోలను పెన్‌డ్రైవ్‌లో వేసి పెళ్ళివారికి ఇచ్చారు. ఆరు నెలలైనా వారు ఆల్బమ్‌కు ఫోటోలు ఏరి ఇవ్వలేదు. పంపిన కొద్దిపాటి జాబితాలో కూడా నంబర్లు మీ ఫైళ్ళతో కలవడం లేదు. పైగా మా ఫోన్‌లో రంగులు వేరుగా కనిపిస్తున్నాయి అంటున్నారు. ప్రూఫులు ఇచ్చే ముందే ఫోటోలన్నింటినీ పూర్తిగా ఎడిట్ చేయాలా, సైజు ఎంత పెట్టాలి, వాటర్‌మార్క్ వేయాలా అని మీరు అడిగారు.

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇరవై ఏళ్ళకు పైగా పెళ్ళిళ్ళు తీస్తున్నాను కాబట్టి నాకు తెలిసినంతలో చెబుతాను. అన్నింటినీ పూర్తిగా ఎడిట్ చేయవద్దు. అలాగని కెమెరాలోంచి వచ్చినవి వచ్చినట్టే ఇవ్వవద్దు. ప్రూఫ్ అనేది ఏరుకోవడానికి ఇచ్చే ఫోటో. చూసేవారు ముఖంలోని భావాన్ని, పక్కన ఎవరెవరు ఉన్నారన్నదాన్ని చూసి, ఇది కావాలి, ఇది వద్దు అని తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడానికి అడ్డం వచ్చే మసక, పసుపు ఛాయ, వంకర, ఒకేలాంటి నాలుగైదు ఫోటోలు ఇవన్నీ ప్రూఫులకు ముందే తొలగిపోవాలి. చర్మాన్ని నునుపు చేయడం, వెనకనున్న కరెంటు తీగలను చెరపడం వంటివి లేకపోయినా ఎంపిక ఆగదు కనుక అవి ఎంపిక తర్వాతి పనులు. ఎంత దిద్దాలన్న సందేహం వచ్చిన ప్రతిసారీ నేను ఈ గీతనే చూసుకుంటాను.

ఫిల్మ్ రీలు రోజుల్లో ఈ సమస్య ఇంతగా లేదు. రోలుకు 36 ఫ్రేములు, ప్రతి క్లిక్కుకూ డబ్బు ఖర్చు కావడంతో ఏరివేత చాలావరకు మన వేలి దగ్గరే జరిగిపోయేది. కడిగించిన 4×6 ప్రింట్లను అట్టపెట్టెలో పెట్టి ఇస్తే, ఇంటిల్లిపాదీ హాల్లో చాప మీద పరచుకొని ఒక సాయంత్రంలో ఏరేసేవారు. ఇప్పుడు మెమరీ కార్డు మనల్ని ఆపదు. అప్పుడు రీలు చేసిన పనిని మనం కూర్చొని చేయాలి. అది చేయకుండా 3,200 ఫోటోలు ఇస్తే ఆ పని పెళ్ళివారి నెత్తిన పడుతుంది. వారు ఆరు నెలలు పలకకపోవడానికి కారణం బద్ధకం కాదని నా నమ్మకం. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకే వారు పెన్‌డ్రైవ్‌ను బీరువాలో పెట్టి ఉంటారు.

నాలుగు వేల ఫ్రేములు పడిన పెళ్ళి నుంచి నేను ఏడు వందల నుంచి తొమ్మిది వందల మధ్య ప్రూఫులు ఇస్తాను. వడపోత రెండు జల్లెళ్ళతో జరగాలి. మొదటి విడతలో ఫోకస్ తప్పినవి, ఫ్లాష్ వెలగనివి, వీడియోగ్రాఫర్ భుజం అడ్డం వచ్చినవి మాత్రమే తీసేయండి. ఇక్కడ ఆలోచించకూడదు, ఒక్కో ఫోటోకు ఒక్క క్షణం చాలు. రా ఫైలులో, అంటే కెమెరా ఏ దిద్దుబాటూ చేయకుండా దాచిన మూల ఫైలులో, ఇమిడి ఉండే జేపెగ్ ఫోటోను నేరుగా చూపించే ఫోటో మెకానిక్ వంటి సాఫ్ట్‌వేర్ ఈ దశలో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ కన్నా వేగంగా నడుస్తుంది. అది లేకపోయినా లైట్‌రూమ్‌లో పిక్, రిజెక్ట్ గుర్తులతోనే పని జరిగిపోతుంది. రెండో విడతలో ఒకేలాంటివి పక్కపక్కన పెట్టుకొని అందులో మేలైనది నిలపాలి. ఈ రెండు విడతల మధ్య ఒక రాత్రి గడవనివ్వడం మంచిది. తీసిన రోజు మనసులో ఉండే మమకారం మర్నాటికి కొంత తగ్గుతుంది.

అయితే పెళ్ళి ఫోటోలన్నింటికీ ఒకే కొలబద్ద పనికిరాదు. వేదిక ఎక్కి అక్షింతలు వేసే బంధువుల ఫోటోల్లో చూడవలసింది అందం కాదు, మనిషి. పెదనాన్నగారి వియ్యంకుడు అక్షింతలు వేసిన ఫోటో ఒక్కటే ఉండి, అందులో ఆయన కన్ను సగం మూసుకొని ఉన్నా, అది ప్రూఫుల్లో ఉండి తీరాలి. ఆ ఒక్క ఫోటో లేకపోతే రెండు కుటుంబాల మధ్య వచ్చే మాటపట్టింపు మన ఫోటోగ్రఫీ కన్నా పెద్దది. అందుకే ఆ భాగాన్ని ఒక్కో గుంపుకు ఒక్క ఫోటో అన్న లెక్కతో వడకడతాను. పోజు లేకుండా తీసిన క్యాండిడ్ ఫోటోలను మాత్రం నిర్దయగా వడకట్టవచ్చు. అక్కడ ఫలానాది లేదేమని ఎవరూ అడగరు.

తలంబ్రాల దగ్గర పరిస్థితి దీనికి పూర్తిగా వేరు. పది నిమిషాల్లో మూడు నాలుగు వందల ఫ్రేములు పడతాయి, అందులో ప్రతిదీ బాగున్నట్టే అనిపిస్తుంది. బియ్యపు గింజలు గాలిలో విడివిడిగా కనిపిస్తున్నాయా, అవి కంటి మీదుగా, పెదవి మీదుగా గీతలు గీస్తున్నాయా అన్నది నేను మొదట చూస్తాను. ఆ తర్వాత ఇద్దరిలో ఒకరి నవ్వయినా పూర్తిగా దొరికిందా అని చూస్తాను. కళ్ళు మూసుకుంటే తీసేయాలన్న నియమం ఇక్కడ చెల్లదు, ఎందుకంటే నెత్తి మీద దోసెడు తలంబ్రాలు పడుతున్నప్పుడు కళ్ళు మూసుకోవడమే సహజం, చాలాసార్లు ఆ ముడుచుకున్న ముఖంలోనే ఆనందం ఉంటుంది. నాలుగు వందల నుంచి పాతిక ఫోటోలు మిగిలితే చాలు. మూడు ముళ్ళు వేసే ఘట్టంలో మాత్రం కాస్త మసకగా ఉన్న ఫ్రేమునైనా ఉంచుతాను, ఎందుకంటే అది మళ్ళీ జరగదు.

నంబర్లు కలవకపోవడానికి కారణం దాదాపు ఖాయంగా ఇదే అయి ఉంటుంది. కెమెరాలు ఫైళ్ళకు నాలుగు అంకెల సంఖ్య ఇస్తాయి. 9999 దాటాక మళ్ళీ 0001 నుంచి మొదలవుతుంది. పైగా ఒకే కంపెనీ కెమెరాలు రెండుంటే రెండింటిలోనూ ఒకే పేరున్న ఫైళ్ళు ఉంటాయి. నాకూ ఒకసారి ఇది తగిలింది. పెళ్ళివారు 0456 అని రాసి పంపారు. నా హార్డ్ డిస్క్‌లో ఒక 0456 గౌరీపూజలో కూర్చున్న పెళ్ళికూతురు, ఇంకొక 0456 భోజనాల బంతిలో వడ్డిస్తున్న వంటమనిషి. నేను తొందరలో రెండోదాన్ని డిజైనర్‌కు పంపాను. అతను దాన్ని శ్రద్ధగా నిలువెత్తున ఒక పేజీలో అమర్చాడు. ఆ షీటును మళ్ళీ ప్రింట్ చేయించిన ఖర్చు నాదే.

అప్పటి నుంచి పద్ధతి మార్చాను. పెళ్ళి మొదలయ్యే ముందు కెమెరాలన్నింటి గడియారాలను ఒకే సమయానికి సరిచేస్తాము. మరచిపోతే, అన్ని కెమెరాలతోనూ ఒకే ఫోన్ గడియారాన్ని ఒక్కో ఫోటో తీసి పెట్టుకుంటే, తర్వాత లైట్‌రూమ్‌లో ఎడిట్ క్యాప్చర్ టైమ్ ద్వారా ఒక కెమెరా ఫోటోలన్నింటినీ ఒకేసారి ముందుకో వెనక్కో జరపవచ్చు. వడపోత పూర్తయ్యాక సమయం ప్రకారం వరుస పెట్టి, రా ఫైళ్ళకే 0001 నుంచి కొత్త పేర్లు పెడతాను. ఎగుమతి చేసిన ప్రూఫుకూ దాని రా ఫైలుకూ ఒకే సంఖ్య ఉండాలి. ముందున్న సున్నాలను వదలకండి. అవి లేకపోతే కొన్ని టీవీలు 1 తర్వాత 10, 100 చూపించి, ఆ తర్వాత గానీ 2 దగ్గరకు రావు. స్నాతకం, ఎదురుకోలు, జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు అని తంతుల వారీగా ఫోల్డర్లు పెట్టినా సంఖ్య మాత్రం మొదటి నుంచి చివరి వరకు ఒకే వరుసలో సాగాలి.

ఇక రంగుల విషయం. ఇక్కడే ఎక్కువ సమయం వృథా అవుతుంది, ఇక్కడే ఎక్కువ శ్రద్ధ కావాలి. ఫోటోలను తంతుల ప్రకారం కాకుండా వెలుగు ప్రకారం గుంపులుగా విడదీయండి. తెల్లవారుజామున ముహూర్తమైతే మండపంలో పసుపు బల్బుల వెలుగు, వీడియో వారి తెల్లని ఎల్‌ఈడీ లైటు, పక్కనుంచి నెమ్మదిగా వచ్చే నీలపు వేకువ ఈ మూడూ కలుస్తాయి. ఒకే తంతులో వెలుగు రెండుసార్లు మారవచ్చు. వెలుగు మారిన చోట గుంపు మారాలి. ఒక్కో గుంపులో ఒక ఫోటోను శ్రద్ధగా సరిచేసి, ఆ సెట్టింగులను మిగిలినవాటికి సింక్ చేసి, తర్వాత ఒక్కోదాన్ని చూస్తూ ఎక్స్‌పోజర్ (ఫోటో వెలుగు) కాస్త అటూ ఇటూ జరిపితే సరిపోతుంది. ఈ చివరి చూపు ఫోటోకు పదిహేను సెకన్లకు మించకూడదు. ఆ లెక్కన ఎనిమిది వందల ఫోటోలకు మూడు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. మీకు వారం రోజులు పడుతోందంటే ప్రూఫుల పేరుతో తుది ఎడిటింగ్ చేస్తున్నారన్నమాట.

వైట్ బ్యాలెన్స్ కోసం, అంటే తెలుపు తెలుపుగా కనిపించేలా రంగులు సరిచేయడానికి, తెల్లగా కనిపించిన ప్రతిదాని మీదా డ్రాపర్ (ఇది తెలుపు అని సాఫ్ట్‌వేర్‌కు చూపించే పనిముట్టు) పెట్టడం మన పెళ్ళిళ్ళలో ప్రమాదం. మధుపర్కాలు తెల్లనివే గానీ వాటి అంచులకు పసుపు ఉంటుంది, ఆ పసుపు తడికి నేతలోకి పాకుతుంది. అక్కడ డ్రాపర్ పెడితే ఫోటో మొత్తం నీలంగా మారిపోతుంది. కొత్త తెల్ల చొక్కాల్లో మెరుపు కోసం కలిపే రసాయనాలు ఫ్లాష్ వెలుగుకు నీలంగా వెలుగుతాయి కనుక వాటిని నమ్మితే ముఖాలు పసుపుబారతాయి. మండపంలో వెలుగు మారినప్పుడల్లా గ్రే కార్డును (రంగులు సరిచూసుకోవడానికి వాడే బూడిదరంగు అట్ట) ఒక్క ఫోటో తీసుకుంటే ఈ గొడవ ఉండదు. ఇంకొక మాట: నలుగు పెట్టిన రోజున పెళ్ళికూతురి ముఖాన ఉన్న పసుపు నిజమైన పసుపే. దాన్ని వెలుగు వల్ల పడిన రంగు (కలర్ కాస్ట్) అనుకొని తీసేసేవారిని చూశాను. మెడ దగ్గర చర్మం, ముఖం రెండూ ఒకే రంగులోకి వస్తే ఆ ఇంటివారు మొదట గుర్తుపట్టేది అదే.

ఎర్రని పట్టుచీర విషయంలో జాగ్రత్తగా ఉండండి. ఎక్స్‌పోజర్ సరిగానే ఉన్నా ఎరుపు ఛానల్ ఒక్కటే గరిష్ఠమైన 255 దగ్గర తెగిపోయి, నేత కనపడక చీర ముద్దలా కనిపిస్తుంది. రా ఫైలులో ఆ వివరం ఉంటుంది, ఎందుకంటే 14 బిట్ రా ఒక్కో ఛానల్‌కు 16,384 మెట్లు దాచుకుంటే జేపెగ్‌లో ఉండేవి 256 మాత్రమే. ఎరుపు శాచురేషన్‌ను (రంగు గాఢతను) కొద్దిగా తగ్గించి, హైలైట్స్‌ను (బాగా వెలుగున్న భాగాలను) కిందికి దింపితే జరీ అంచు, బుటాలు తిరిగి తేలతాయి. దీన్ని ప్రూఫ్ దశలోనే చేయమంటాను. లక్ష రూపాయల చీర ముద్దగా కనిపించిన ఫోటోను పెళ్ళికూతురు ఎంచుకోదు, మనం తర్వాత సరిచేస్తామని ఆమెకు తెలియదు. గులాబి, నీలం రంగుల డెకరేషన్ లైట్లు ముఖం మీద పడిన ఫోటోలతో మాత్రం ప్రూఫ్ దశలో పెనుగులాడకండి. ఆ వెలుగులో మిగతా రంగులు లేనే లేవు కాబట్టి వైట్ బ్యాలెన్స్ ఎంత జరిపినా చర్మం చర్మంలా రాదు. శాచురేషన్ కాస్త తగ్గించి ముందుకు సాగండి. ఎంపికైతే అప్పుడు బ్లాక్ అండ్ వైట్ చేయడం గురించి వారితోనే మాట్లాడవచ్చు.

ఇదంతా సరైన మానిటర్ మీద చేస్తేనే ప్రయోజనం. తెలుపు రంగు 6500 కెల్విన్, గామా 2.2, వెలుగు చదరపు మీటరుకు 100 నుంచి 120 క్యాండెలాల మధ్య ఉండేలా సరిచేయండి (క్యాలిబ్రేట్ చేయండి). మనలో చాలామంది వెలుగును పూర్తిగా పెంచి ఎడిట్ చేస్తారు, తర్వాత ల్యాబ్ నుంచి ఆల్బమ్ చీకటిగా వచ్చిందని వాపోతారు. ల్యాబ్ తప్పు అందులో తక్కువ.

చర్మం దిద్దడం ఎంపిక తర్వాతే అని ఎందుకు పట్టుబడుతున్నానో చెప్పాలి. ఖర్చు ఒక కారణం. వాడని ఏడు వందల ఫోటోలను దిద్ది ఏం లాభం? రెండో కారణం నా తప్పు నుంచి నేర్చుకున్నది. కొన్నేళ్ళ క్రితం ముఖాలను వాటంతటవే నునుపు చేసే ఒక సాఫ్ట్‌వేర్‌ను కొని, ఒక పెళ్ళి ప్రూఫులన్నింటినీ రాత్రంతా దానికి అప్పగించి నిద్రపోయాను. పొద్దున తెరమీద చిన్నగా చూస్తే అన్నీ ముచ్చటగానే ఉన్నాయి, పంపేశాను. రెండు రోజులకు పెళ్ళికూతురి నాయనమ్మగారు ఫోన్ చేశారు. "బాబూ, పిల్ల బుగ్గన నా చేత్తో పెట్టిన చుక్క ఏదయ్యా?" అన్నారు. తెరచి చూద్దును గదా, సగం ఫోటోల్లో బుగ్గచుక్క ఉంది, సగంలో లేదు. ఆ సాఫ్ట్‌వేర్ దిష్టిచుక్కను మచ్చ అనుకొని శుభ్రంగా తుడిచేసింది. ఆమెకు అది అపశకునంగా తోచింది, నేను మాట్లాడగలిగింది ఏమీ లేదు. యంత్రం దిద్దిన ముఖాన్ని మనిషి కన్ను ఒక్కోటిగా చూడాలి. ఎనిమిది వందల ముఖాలను అలా చూడలేము, నూట యాభైని చూడగలము.

అయితే పెళ్ళివారికి పూర్తయిన ఫోటో ఎలా ఉంటుందో తెలియాలి, లేకపోతే ప్రూఫులే తుది ఫోటోలనుకొని నిరాశపడతారు. అందుకని పెళ్ళైన రెండు మూడు రోజుల్లో ఎనిమిదో పదో ఫోటోలను పూర్తిగా ముగించి విడిగా పంపుతాను. వారు వాటిని స్టేటస్‌లో పెట్టుకుంటారు, ఫోటోలు ఎప్పుడిస్తారన్న ఫోన్లు తగ్గుతాయి. తర్వాత ప్రూఫులు పంపేటప్పుడు, ఇవి ఎంపిక కోసం, ఎంచుకున్నవి ముందు పంపిన ఆ పది ఫోటోల స్థాయికి వస్తాయి అని ఒక వాక్యం రాస్తే వెంటనే అర్థమవుతుంది.

సైజు విషయానికి వస్తే, పొడుగు వైపు 2048 పిక్సెళ్ళు, జేపెగ్ నాణ్యత 75 దగ్గర, ఎస్‌ఆర్‌జీబీ కలర్ ప్రొఫైల్ (రంగులను ఎలా చూపాలో తెరకు చెప్పే సమాచారం) ఇవి నేను ఏళ్ళుగా వాడుతున్న కొలతలు. ఇంకా చిన్నవి పంపితే భద్రం కదా అంటారు కొందరు. నలభై మంది ఉన్న గ్రూప్ ఫోటోలో ఎవరి కళ్ళు మూసుకున్నాయో వేళ్ళతో పెద్దది చేసి చూస్తారు. 1200 పిక్సెళ్ళలో ఆ ముఖాలు చుక్కలుగా మిగులుతాయి. 2048 పిక్సెళ్ళను అంగుళానికి 300 చుక్కల (300 డీపీఐ) లెక్కన ప్రింట్ చేస్తే ఏడు అంగుళాల లోపే వస్తుంది. అంటే ఎవరైనా ఒక 4×6 వేయించుకోగలరు, అంతే. 12×36 అంగుళాల కరిజ్మా (డిజిటల్ ఆల్బమ్) షీటుకు కావలసింది 10,800 × 3,600 పిక్సెళ్ళు కాబట్టి ప్రూఫులతో బయట ఆల్బమ్ చేయించుకుంటారన్న భయం అక్కర్లేదు. కలర్ ప్రొఫైల్ విషయంలో పొరపాటు చేయకండి. కెమెరాలోనో ఎక్స్‌పోర్ట్‌లోనో అడోబ్ ఆర్‌జీబీ అనే వేరే ప్రొఫైల్ ఉండిపోతే, ప్రొఫైల్‌ను పట్టించుకోని టీవీల్లోనూ యాప్‌లలోనూ రంగులు చప్పగా, ముఖాలు పాలిపోయినట్టు కనిపిస్తాయి. మీవారి ఫిర్యాదు అన్ని పరికరాలలోనూ వస్తుంటే మొదట ఇదే చూడండి.

ఒక్క ఫోన్‌లోనే రంగు తేడా అంటే కారణం వేరే ఉంటుంది. రాత్రి భోజనాలయ్యాక మంచం మీద పడుకొని ఫోటోలు చూస్తారు. ఆ వేళకు ఫోన్‌లో కళ్ళకు శ్రమ తగ్గించే నైట్ మోడ్ దానంతటదే వచ్చి తెర పసుపుగా మారుతుంది. మరికొన్ని ఫోన్లలో రంగులను గాఢంగా చూపే వివిడ్ మోడ్ ఉండి ఎరుపు మండిపోతుంది. ఫిర్యాదు వస్తే వాదించకుండా, నైట్ మోడ్ తీసేసి ఒకసారి పగటిపూట చూడండమ్మా అంటాను. ఎక్కువసార్లు అక్కడితో ముగుస్తుంది.

వాటర్‌మార్క్ వేయండి, కానీ మూలన చిన్నగా. ముఖాల మీదుగా అడ్డంగా స్టూడియో పేరు పరిస్తే వారు చూడవలసిన భావం దాని కిందే ఉండిపోతుంది. అంతకన్నా ముఖ్యం, ఫోటో కిందిభాగంలో దాని నంబరు కనిపించేలా ముద్రించడం. కారణం చెబుతాను. ఎంపిక అంతా వాట్సాప్‌లో జరుగుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫోటోను వాట్సాప్ ద్వారా పంపగానే అవతలివారి దగ్గర దాని ఫైలు పేరు మారిపోతుంది, కొందరు ఫైలు కూడా కాక స్క్రీన్‌షాట్ పంపుతారు. మేనమామ పంపిన స్క్రీన్‌షాట్‌లో ఫోటో ఉంటుంది, నంబరు ఉండదు, మీరు మూడు వేలలో వెతుక్కోవాలి. నంబరు ఫోటో మీదే ఉంటే స్క్రీన్‌షాట్ కూడా జాబితాగా పనికొస్తుంది. లైట్‌రూమ్ క్లాసిక్ ప్రింట్ మాడ్యూల్‌లో ఫోటో ఇన్ఫో ఎంచుకొని జేపెగ్‌గా తీస్తే ఫైలు పేరు ఫోటో కింద పడుతుంది. ఫోటోషాప్ స్క్రిప్టుతోనూ చేయవచ్చు. జాబితా వచ్చాక ఆ సంఖ్యలను లైట్‌రూమ్ లైబ్రరీలోని టెక్స్ట్ ఫిల్టర్‌లో వేస్తే ఆ ఫోటోలే బయటికి వస్తాయి.

ఏ రూపంలో ఇవ్వాలన్నది ఆ ఇంటిని బట్టి ఉంటుంది. అమ్మాయి అమెరికాలోనో హైదరాబాదులోనో, తల్లిదండ్రులు ఊళ్ళోనో ఉంటే ఆన్‌లైన్ గ్యాలరీ లింకు తప్పదు. 2048 పిక్సెళ్ళ ఎనిమిది వందల ఫోటోలు ఒక జీబీకి అటూ ఇటూగా ఉంటాయి కాబట్టి గూగుల్ డ్రైవ్ ఉచిత 15 జీబీలోనే సులువుగా ఇముడుతాయి. ఊళ్ళో పెద్దవారికి పెన్‌డ్రైవ్ కూడా ఇవ్వండి, అది ఎఫ్‌ఏటీ32 ఫార్మాట్‌లో ఉండేలా చూడండి, ఎందుకంటే పాత టీవీలు మిగిలిన ఫార్మాట్లను చదవకపోవచ్చు. వాట్సాప్‌లో మామూలు ఫోటోలుగా మాత్రం ప్రూఫులు పంపవద్దు. అది కుదించి పంపుతుంది. తప్పనిసరైతే డాక్యుమెంట్‌గా పంపండి.

ఎంపిక ఎవరు చేస్తారో మొదటి రోజే అడగండి. మన పెళ్ళిళ్ళలో అమ్మాయి తరఫు ఆల్బమ్ వేరు, అబ్బాయి తరఫు ఆల్బమ్ వేరు. ఒక్కో వైపు నుంచి ఒక్కరి పేరు, ఒక్కరి నంబరు తీసుకోండి, జాబితా వారి నుంచి వస్తేనే లెక్క అని ముందే చెప్పండి. లేకపోతే పిన్నిగారి జాబితా ఒకటి, తోడికోడలి జాబితా ఇంకొకటి వస్తాయి. ఎన్ని ఫోటోలు ఏరాలో కూడా అంకెలో చెప్పాలి. ముప్పై షీట్ల ఆల్బమ్‌కు షీటుకు నాలుగైదు లెక్కన 120 నుంచి 150 ఫోటోలు చాలు. మీకు నచ్చినవి ఏరండి అంటే నాలుగు వందలు ఏరతారు, తర్వాత తగ్గించమంటే బాధపడతారు. గడువు నెల రోజులని, ఆ తర్వాత మా ఎంపికతోనే డిజైన్ మొదలవుతుందని బుకింగ్ కాగితంలో రాస్తాను. ఆ వాక్యాన్ని నిజంగా వాడుకున్న సందర్భాలు చాలా తక్కువ, కానీ అది ఉండటం వల్లే జాబితాలు వస్తున్నాయి.

కాగితం మాట వచ్చింది కనుక, కాపీరైటు గురించి ఒక అపోహ తొలగించాలి. ఫోటో తీసింది నేను కాబట్టి హక్కు నాదే అని మనలో చాలామంది అనుకుంటారు. 1957 నాటి మన కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి ఒకరు తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కుదారు తీయించుకున్న ఆ వ్యక్తే. అందువల్ల వారి ఫోటోలను మీ పేజీలో, మీ స్టూడియో గోడ మీద పెట్టుకోవాలంటే అనుమతి ముందే రాయించుకోవాలి. ప్రూఫుల లింకును మీరే అందరికీ తెరిచి ఉంచడం కూడా మంచిది కాదు; పాస్‌వర్డ్ పెట్టండి, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు లొకేషన్ సమాచారం తీసేసే గుర్తు ఉంటుంది, దాన్ని ఎంచుకోండి.

ఇక మీ చేతిలో ఉన్న కేసు. మళ్ళీ గుర్తుచేస్తూ మెసేజీలు పెట్టడం వల్ల ఫలితం ఉండదు. ఆ 3,200 ఫోటోలను ఈ వారంలో మీరే ఏడు వందలకు తగ్గించి, కొత్త నంబర్లు వేసి, పాత పెన్‌డ్రైవ్‌ను వెనక్కి తీసుకోండి. రెండూ వారి ఇంట్లోనే ఉంటే నంబర్ల గందరగోళం మళ్ళీ మొదలవుతుంది. ఆ ఏడు వందల్లోంచి 140 ఫోటోలను మా సూచన అన్న పేరుతో ఒక ఫోల్డర్‌లో వేరుగా పెట్టండి. ఖాళీ కాగితం ముందు కూర్చోలేనివారు కూడా, ఎదురుగా ఒక జాబితా ఉంటే ఇది తీసేయండి, దీని బదులు అది వేయండి అని చకచకా చెబుతారు. తర్వాత అమ్మాయి తల్లిగారికి ఫోన్ చేసి, ఒక ఆదివారం మధ్యాహ్నం ల్యాప్‌టాప్‌తో వస్తానని చెప్పండి. వాళ్ళ టీవీకి కలిపి, అమ్మాయిని వీడియో కాల్‌లో కూర్చోబెట్టి, ఫోల్డర్ల వరుసలో చూపిస్తూ వెళితే రెండు మూడు గంటల్లో ఎంపిక పూర్తవుతుంది. కాఫీ ఇస్తారు, కాదనకండి. పెళ్ళి కబుర్లు మొదలైతే కాసేపు విని, నెమ్మదిగా తర్వాతి ఫోటోకు జరపండి. ఆల్బమ్ వారి చేతికి చేరేదాకా రా ఫైళ్ళను రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో ఉంచండి. వెళ్ళేటప్పుడు హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్, ల్యాప్‌టాప్ ఛార్జర్ మరవకండి. వాళ్ళ ఇంట్లో టీవీ వెనక ప్లగ్గు ఖాళీగా ఉండదు కనుక ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్ కూడా సంచిలో వేసుకోండి.